ముక్కు పిన్ని ముట్టుకోవద్దన్న రోజు

గ్లాసులోంచి గరిటె ఊడి రాలేదు.

ముక్కు పిన్ని మొదట పెద్దగా పట్టించుకోలేదు. ముందురోజు సాయంత్రం నీళ్ళలో పడేసిన గరిటె పొద్దున్నే కాస్త మొండికేయడం ఆమెకు కొత్తేమీ కాదు. ఈసారి గట్టిగా లాగింది. గరిటెతో పాటు గ్లాసూ లేచి వచ్చింది. తలకిందులు చేసి బల్ల అంచుకు నాలుగు దెబ్బలు వేసింది. ఠంగుఠంగుమని మోత తప్ప లోపలిది కదల్లేదు. వేలు పెట్టి నొక్కి చూసింది. రాయి.

అక్కడ రాయి ఉండకూడదు. మెత్తటి రబ్బరు ముద్ద ఉండాలి. రోజూ అదే ఉంటుంది. పొట్లాలు కట్టగా మిగిలిన అర గరిటెడు పొడిని గరిటెతో సహా గ్లాసులో వేసి నీళ్ళు పోసి వెళ్ళడం పిన్నికి అలవాటు. తెల్లారేసరికి ఆ ముద్ద ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఒక్క లాగుకు ఊడి వస్తుంది, గ్లాసు కడిగే పని కూడా తప్పుతుంది. పిన్ని గోడ గడియారం వంక చూసింది. తొమ్మిదీ ఇరవై. పది గంటలకు ఊరికి ఆ చివరన ఉన్న బడిలో నలభై మంది పిల్లలు ఆ పొడే నీళ్ళలో కలిపి అందులో చేతులు పెడతారు.

ఎందుకు పెడతారో తెలియాలంటే ఆ చోటు సంగతి కొంచెం చెప్పాలి. ఇస్త్రీ షాపు పైన మూడు గదులు. మొదటి గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా భూతద్దాలు, అయస్కాంతాలు, రాగి తీగ చుట్టలు, కుంచెలు, రంగు బిళ్ళలు. చివరి గదిలో డ్రాయింగు మాస్టారు కూర్చుని ఏది ఎలా చెయ్యాలో బొమ్మలతో కాగితాలు గీస్తాడు. నడిమి గదిలో పొడుగాటి బల్ల. ఆ బల్లకు మహారాణి పిన్ని. పిల్లలు సొంతంగా చేసుకునే సైన్సు, బొమ్మల సామాను డబ్బాల్లో సర్ది బళ్ళకు పంపడం వాళ్ళ పని. అట్టముక్కలతో పెరిస్కోపు, తీగచుట్టతో తిరిగే మోటారు, ఇలాంటివి పది పన్నెండు రకాలు. వాటన్నిటిలోకీ పిల్లలు పడిచచ్చేది ‘చేతి బొమ్మ’ డబ్బా.

అందులో రెండు పొట్లాలుంటాయి. ఎర్ర స్టిక్కరుది అచ్చు పొడి. దాన్ని నీళ్ళలో కలిపి మణికట్టుదాకా చెయ్యి ముంచితే అయిదు నిమిషాల్లో రబ్బరులా బిగుస్తుంది. చెయ్యి మెల్లగా లాగేస్తే లోపల చెయ్యి ఆకారంలో గుంట మిగులుతుంది. నీలం స్టిక్కరుది ప్లాస్టరు. దాన్ని కలిపి ఆ గుంటలో పోస్తే అరగంటకు మీ చెయ్యి, గోళ్ళతో గీతలతో సహా, తెల్లగా మీ ముందుంటుంది. తర్వాత రంగులేసుకోవడం మీ ఇష్టం. ఒక్కటే చిక్కు. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. గుంటలో ఉన్నంతసేపు ఆ వేడితో ఎవరికీ బాధ లేదు. అందులో చెయ్యి ఉంటే మాత్రం ముందు వెచ్చగా, హాయిగా ఉంటుంది. తర్వాత కాలుతుంది. కాలుతోందని తెలిసేసరికి చెయ్యి బయటికి రాదు.

పిన్ని అచ్చు పొడి పోసి ఉంచే ఎర్ర మూత డబ్బా తెరిచి ముక్కు పెట్టింది. సున్నం గోడ వాసన. అచ్చు పొడికి సన్నగా పుదీనా వాసన ఉంటుంది. పళ్ళ డాక్టర్లు పంటి అచ్చులు తీసేదీ ఆ రకం పొడితోనే కాబట్టి తయారు చేసేవాళ్ళే ఆ వాసన కలిపి పంపుతారు. ఈ డబ్బాలో పుదీనా కాదు కదా, దాని జాడ కూడా లేదు. చెత్తబుట్టను నేల మీద బోర్లించి వెతికితే, పొడి వచ్చే గోతం మూతికి కుట్టి ఉండే చీటీ దొరికింది. దాని మీద ఉన్నది ఒకే మాట: ప్లాస్టరు.

నిన్న ఆ గోతం మూతి కోసింది పిన్నే. చీటీ చదవకుండా బుట్టలో పడేసిందీ పిన్నే. ఎందుకు చదవలేదంటే దానికో చరిత్ర ఉంది.

పిన్ని ఇరవై రెండేళ్ళు ఒక బడిలో ప్రయోగశాల అటెండరు. నడుముకు తాళాల గుత్తి, భుజాన గుడ్డ. పొద్దున్నే తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు తగిలించడం. పిల్లలు చేతులు కట్టుకుని వరసగా నిలబడితే సైన్సు మేడం ఒక గొట్టంలోది ఇంకో గొట్టంలో పోసి చూపించేది. చెయ్యి చాపిన పిల్లకు స్కేలు దెబ్బ. పిన్ని పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. రోజూ మైక్రోస్కోపు తుడిచేది, పన్నెండేళ్ళు తుడిచింది, నువ్వూ ఒకసారి చూడవే అన్న నాథుడు లేడు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక తనే కన్ను ఆనించింది. ఉల్లిపొర. ఇటుకలు పేర్చినట్టు గదులు, గదులు, గదులు. ఇంటికెళ్ళి మొగుడికి చెబితే, “ఉల్లిపాయ రోజూ కోసేదేగా, ఇవాళేంటి కొత్త?” అన్నాడు. ఆ మాటకు ఆమె మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ ఉద్యోగంలో ఉండగానే ఒకరోజు వరండాలో నడుస్తూ ఠక్కున ఆగి, “గ్యాసు కారుతోంది, పిల్లల్ని బయటికి పంపండి” అని కేకేసింది. గదిలో ఉన్న మేడంకి ఏ వాసనా తెలియలేదు. వెతికితే పైపు చీలి ఉంది. ఆ రోజు నుంచి ఆమె ముక్కు పిన్ని అయిపోయింది. పేరు పెట్టింది పిల్లలే అయినా దాన్ని బిరుదులా మోసింది మాత్రం ఆమె. “కళ్ళు మోసం చేస్తాయి, చెవులు చాడీలు వింటాయి, ముక్కు మాత్రం అబద్ధం ఆడదు” అనేది. అదే బడిలో పని మానేసిన డ్రాయింగు మాస్టారు డబ్బాల పని మొదలుపెట్టి మొట్టమొదట పిలిచింది ఆమెనే. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి డబ్బాలో అన్నిటికంటే పైన తను రాసిన చీటీ ఉండాలి. ‘ముట్టుకోండి. పాడైతే పాడవుతుంది, మళ్ళీ చేద్దాం. ఇట్లు, పిన్ని.’

గోతాల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాద్దామని మాస్టారు ఎన్నిసార్లో అన్నాడు. “నా ముక్కుండగా మీ అక్షరాలెందుకు మాస్టారూ?” అని పిన్ని ఎన్నిసార్లో కొట్టిపారేసింది. నిన్న ఆమెకు జలుబు. చెబితే ఇంటికి పొమ్మంటాడు, సాయంత్రానికి నలభై డబ్బాలు వెళ్ళాలి. అందుకని ముక్కుకీ, గొంతుకీ, చివరికి చేతిరుమాలుకి కూడా జలుబు మందు దట్టంగా పట్టించి పనిలో కూర్చుంది. ఎర్ర మూత డబ్బా అయిపోతే కొత్త గోతం కోసి వాసన చూసింది. పుదీనా గుప్పుమంది. గుప్పుమనదూ మరి! ఆ పూట గోడను వాసన చూసినా పుదీనాయే వచ్చేది.

“మాస్టారూ!”

ఆ కేకకు మాస్టారు చేతిలో పెన్సిలుతోనే వచ్చాడు. పిన్ని గ్లాసు చూపించింది, చీటీ చూపించింది. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ బడిలో బొమ్మల క్లాసు టీచరమ్మకు చేస్తే ఫోను మోగి మోగి ఆగింది. క్లాసులోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదని ఆ బడిలో రూలు. ఆఫీసు నంబరు కలిపాడు. నాలుగోసారికి ఎవరో గుమాస్తా ఎత్తాడు.

ఇక్కడ మాస్టారు ఒక పని చేశాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. రెండేళ్ళ కష్టం కళ్ళముందు కదిలింది కాబోలు, చావుకబురు చల్లగా చెప్పాడు.

“ఏం లేదండీ, నిన్న పంపిన డబ్బాల్లో చిన్న తేడా వచ్చింది. కాస్త క్లాసులో చెబితే...”

“చిన్నదే కదండీ? ఇంటర్వెల్లో చెప్తాలెండి. క్లాసు మధ్యలో వెళ్తే మేడం నా మీద పడతారు.”

పిన్ని ఫోను లాక్కుంది. “బాబూ, చిన్న తేడా కాదు, పిల్లల చేతులు...” అవతల ఎప్పుడో పెట్టేశారు. మళ్ళీ కలిపితే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్.

“చిన్న తేడానా మాస్టారూ?” అంది. తిట్టడానికి అది సమయం కాదని ఆమెకు తెలుసు. “స్కూటరు తీయండి.”

వెనక సీటు మీద కూర్చున్నంతసేపూ పిన్ని లెక్క వేస్తూనే ఉంది. పదింటికి గంట కొడతారు. హాజరు అయిదు నిమిషాలు. డబ్బాలు పంచడం అయిదు. చీటీ చదువుతారు, ముట్టుకోండి అని ఉంటుంది, కేరింతలు కొడతారు. నీళ్ళు కలపడానికి ఇంకో రెండు. మాస్టారు గీసిన కాగితంలో మూడో బొమ్మ కింద ఉన్న మాట ఆమెకు కంఠతా వచ్చు. ‘బాగా బిగుసుకునేదాకా చెయ్యి కదపకండి.’ అల్లరి పిల్లలైతే నయం, అరనిమిషంలో విసుగుపుట్టి లాగేస్తారు. చెప్పిన మాట వినే పిల్లల గురించే ఆమె భయమంతా.

దారిలో రెండుసార్లు ఆగి ఫోను చేశారు. ఎవరూ ఎత్తలేదు. పైపుల కోసం రోడ్డు తవ్వేసిన చోట బళ్ళు వరసగా నిలిచిపోయి ఉన్నాయి. ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ. మాస్టారు హారను కొడుతూనే ఉన్నాడు. పిన్ని చేతి గడియారంలో పదీ పదిహేను.

“ఇంకెంత దూరం?”

“రెండు వీధులే. ఇది కదిలితే రెండు నిమిషాలు.”

“కదలకపోతే?” పిన్ని అప్పటికే దిగిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడానికే సణిగే మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని మట్టికుప్పల మీదుగా పరుగు తీసింది. జలుబు దిగని ఊపిరి గొంతులో ఈల వేసింది. ఎవరో “ఏమైందమ్మా?” అన్నారు. ఆమె వెనక్కి చూడలేదు.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు అడ్డం పెట్టాడు. “పేరు, టైము, ఎవరి కోసమో రాయండి. సంతకం లేనిదే లోపలికి పంపను.”

మాస్టారైతే ఏమనేవాడో గాని, పిన్ని ఉన్నమాట అనేసింది. “నాయనా, పిల్లల చేతులు కాలిపోతాయి. నేను పంపిన పొడే. బొమ్మల క్లాసు ఎక్కడ?”

వాచ్‌మన్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. రిజిస్టరు కుర్చీలో పడేశాడు. “మేడ మీద, చివరి గది! రండమ్మా, రండి!” అంటూ తనే ముందు పరిగెత్తాడు. 

మెట్లు ముప్పై. పైకొచ్చేసరికి కళ్ళకు చీకట్లు కమ్మాయి. చివరి గది తలుపు తెరిచే ఉంది. లోపల నాలుగు వరసల బల్లలు, ప్రతి బల్ల మీదా తెరిచిన డబ్బా, పక్కన నీళ్ళ గిన్నె. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి పిల్లలు తయారుగా ఉన్నారు. ముందు ఒక్కరు చేసి చూపిస్తే మిగతావాళ్ళు మొదలుపెట్టాలన్నది టీచరమ్మ పద్ధతి. ఆ ఒక్క పద్ధతే ఆ పూట ముప్పై తొమ్మిది మందిని కాపాడింది. నలభయ్యో పిల్ల గదిలో అందరికీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు జడల పిల్ల, పదేళ్ళుంటాయి. ప్లాస్టిక్ గిన్నెలో మణికట్టుదాకా చెయ్యి పెట్టి, శిలలా, కదలకుండా.

“ఇంకా రబ్బరులా అవ్వలేదు టీచర్,” అంటోంది. “కానీ వెచ్చగా ఉంది. బాగుంది.”

“ముట్టుకోకండి!”

ఇరవై రెండేళ్ళు బోర్డుగా తగిలించి, ఛీ అని వదిలేసి వచ్చిన మాట అది. గొంతు చించుకుని అరిచింది. “ఎవ్వరూ ముట్టుకోకండి! చేతులు వెనక్కి!”

టీచరమ్మ ఉలిక్కిపడి, “ఎవరు మీరు? ఏంటిది?” అంటుంటే పిన్ని అప్పటికే పిల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. గిన్నె మీద చెయ్యి వేసింది. వెచ్చదనం కాదు, వేడి మొదలైంది. “ఎంతసేపైంది తల్లీ?”

“ఎనిమిది నిమిషాలు. నేను లెక్కపెడుతున్నా.”

“చెయ్యి లాగు.”

పిల్ల లాగింది. గిన్నె కూడా లేచి వచ్చింది, పొద్దున గరిటెతో గ్లాసు వచ్చినట్టే. అప్పటిదాకా నవ్వుతున్న మొహం మారింది. “రావట్లేదు,” అంది. మళ్ళీ లాగింది. “టీచర్, రావట్లేదు! మండుతోంది!”

పిన్ని పక్క డబ్బాలోని కత్తెర అందుకుని గిన్నె అంచు కొయ్యబోయింది. తెగదే! పిల్లల వేళ్ళు తెగకూడదని ఏరి ఏరి తనే కొన్న మొద్దు కత్తెర. దాన్ని విసిరికొట్టి గిన్నె అంచును రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క పీకు పీకింది. ప్లాస్టిక్ చీలింది, ఆమె బొటనవేలూ చీలింది. లోపలి ముద్ద జున్నుగడ్డలా ఉంది, ఇంకో నాలుగైదు నిమిషాలుంటే రాయే. “వేళ్ళు ఒక్కొక్కటే ఆడించు తల్లీ, లాగొద్దు, ఆడించు. చిటికెన వేలు. ఆఁ. దాని పక్కది,” అంటూ చెంచా కాడతో మణికట్టు చుట్టూ చెక్కింది. పిల్ల ఏడుస్తూనే చెప్పినట్టు చేసింది. ముద్ద అడ్డంగా పగిలింది. చెయ్యి బయటపడింది.

ఎర్రగా కందిపోయి ఉంది, మణికట్టు దగ్గర గీత గీసినట్టు. పిన్ని పిల్లను అమాంతం ఎత్తుకుని వరండాలో కుళాయి కిందికి తీసుకెళ్ళింది. అంటుకున్న పిండిని నీళ్ళతో నెమ్మదిగా కడిగి, ధార కింద ఆ చేతిని అలాగే పట్టుకుంది. బడి నర్సు వచ్చి తిప్పి తిప్పి చూసింది. “బొబ్బలు లేవు. ఇరవై నిమిషాలు నీళ్ళ కిందే ఉంచండి. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం...” అని ఆపేసింది. ఆ ఆపేసిన మాట పిన్నికి పూర్తిగా వినబడింది.

మాస్టారు అప్పుడే రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. టీచరమ్మ కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఆయన మీద చూపింది. “ఇదెవరి నిర్వాకమండీ?”

“అదీ... గోతాలు పంపినవాళ్ళు...” అని మొదలెట్టాడు ఆయన.

“వాళ్ళు చీటీ కుట్టే పంపారు,” అంది పిన్ని, కుళాయి దగ్గర నుంచి తల తిప్పకుండా. “చదవంది నేను. జలుబు చేసిందని ముక్కుకి మందు రాసుకుని, ఆ ముక్కుతోనే వాసన చూసి నింపాను. పేర్లు రాద్దామని ఈయన అంటే వద్దన్నదీ నేనే. మీరు అనాల్సింది ఏమున్నా నన్నే అనండి.”

వెనకాల ఎవరో పిల్లవాడు ‘ముక్కుకి మందు’ అని కిసుక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. టీచరమ్మ గొంతు చల్లబడింది, అంటే ఇంకా భయంకరంగా అయింది. “డబ్బాలన్నీ ఇప్పుడే తీసుకుపోండి. మా బడి గడప ఇంకెప్పుడూ తొక్కొద్దు.”

“అలాగేనమ్మా,” అంది పిన్ని. ఆ మాటలో వాదించడానికి ఏమీ కనబడలేదు ఆమెకు. మాస్టారు, వాచ్‌మన్ కలిసి డబ్బాలు మూసి దించడం మొదలుపెట్టారు. 

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పిల్ల వెక్కిళ్ళు తగ్గాయి. పిన్ని బొటనవేలి నెత్తురు ధారలో పల్చగా కలిసిపోవడం చూస్తూ ఆ పిల్ల, “చీటీ రాసిన పిన్ని మీరేనా?” అంది.

“నేనే తల్లీ.”

“ముట్టుకోండి అని రాశారుగా. మరి వద్దని అరిచారేంటి?”

ఇరవై రెండేళ్ళ తాళాల గుత్తి, ఉల్లిపొర, చీటీ, చీలిన గిన్నె, అన్నీ ఒక్కసారి వచ్చి పిన్ని మీద పడ్డాయి. “నేను చూసుకోకుండా నిన్ను ముట్టుకోమన్నాను. అది తప్పు,” అంది. ఏడ్చేసింది కూడా. పెద్దవాళ్ళు ఏడవడం ఆ పిల్ల ఎప్పుడూ చూసినట్టు లేదు, రెండో చేత్తో ఆమె భుజం తట్టింది.

“ఊరికే నీళ్ళు కలిపాం కదా, మంట పెట్టలేదు కదా, ఎందుకు కాలింది?” అని అడిగింది.

పిన్ని ముక్కు తుడుచుకుని చెప్పింది. ప్లాస్టరు అంటే ఒకరకం రాయిని కాల్చి, లోపలి నీటిని చాలావరకు పోగొట్టి చేసిన పొడి అని, మళ్ళీ నీళ్ళు తగలగానే అది తాగేసి తిరిగి రాయి అయిపోతుందని, అయ్యేటప్పుడు లోపలి వేడి బయటికి వస్తుందని. పిల్ల మూడు ప్రశ్నలు వేసింది. మొదటి రెంటికీ పిన్నికి జవాబు తెలుసు. మూడోది తెలియదు. తెలియదనే చెప్పింది.

ఇరవై నిమిషాలయ్యాక నర్సు మళ్ళీ చూసి తడిగుడ్డ చుట్టింది. గదిలో పగిలిన ముద్ద ఇంకా బల్ల మీదే ఉంది. రెండు చెక్కలైంది, ఒక చెక్కలో నాలుగు వేళ్ళ గాడులు, గోళ్ళతో సహా. టీచరమ్మ దాన్ని చెత్తలో వెయ్యమని ఆయాకు సైగ చేసింది. పిల్ల గబగబా వెళ్ళి బల్ల ముందు నిలబడింది. చెయ్యి చాపబోయి, ఆపుకుని, పిన్ని వంక చూసింది.

“ఇప్పుడు ముట్టుకోవచ్చా?”

గదిలో ముప్పై తొమ్మిది మంది చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి. పిన్ని వంగి ముందు ఆ రాయి మీద తన అరచెయ్యి ఆనించింది. ఇంకా వేడి ఉంది. చెయ్యి తీయలేదు. అందరూ చూస్తుండగా అక్కడే నిలబడింది, రెండు నిమిషాలు, అయిదు, పది. మధ్యలో దాన్ని ముక్కు దగ్గరికి మాత్రం తీసుకోలేదు. వేడి తగ్గి, గోరువెచ్చనై, చివరికి గచ్చంత చల్లగా అయ్యాక రెండో చెక్కనూ తడిమి చూసింది. టీచరమ్మ దగ్గరికొచ్చి తనూ వేలు ఆనించింది.

“ముట్టుకో తల్లీ,” అంది పిన్ని.

పిల్ల మంచి చేతి వేళ్ళు ఆ గాడుల్లో పెట్టింది. అవి రెండో చేతివి కాబట్టి సరిపోలేదు.